శిక్షణ బూట్లు

6 ఫిబ్రవరి 1967, సోమవారం

ఇవాళ వార్డులోకి కొత్త పిల్ల వచ్చింది. వీబ్కె టోల్కె. ఏప్రిల్‌కి ఆరేళ్ళు నిండుతాయి. చేతులు రెండూ లేవు. భుజాల దగ్గర చెరో రెండు చిన్న వేళ్ళు, గుండీలంత. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి నిద్ర పట్టడం లేదంటే డాక్టరు రాసిచ్చిన మాత్ర వల్లే. మా వార్డులో ఉన్న పద్నాలుగు మంది పిల్లలదీ అదే కథ. ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు మండుతుంది.

తల్లి పేరు ఆంట్యె. కుక్స్‌హాఫెన్ అనే రేవు ఊళ్ళో చేపల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. మొగుడు పిల్ల పుట్టిన నెలకే వెళ్ళిపోయాడట. చేతులు పెట్టిస్తేనే బడిలో చేర్చుకుంటామని అక్కడి హెడ్మాస్టరు అన్నాడు. అందుకే కాగితాల మీద సంతకం పెట్టి, పిల్లని ఇక్కడ వదిలి రైలెక్కింది. ఇక నెలకోసారి, మొదటి ఆదివారం, రెండు గంటలు చూసుకోవచ్చు.

కొలతలకి నా వర్క్‌షాపుకి తీసుకొచ్చారు. నేను టేపు వెతుక్కుంటున్నాను. పిల్ల కుర్చీలోంచే కాలు చాచి, బల్ల మీదున్న టేపుని బొటనవేలికీ పక్కవేలికీ మధ్య పట్టుకుని నాకు అందించింది.

"ఇక్కడే ఉందిగా మావయ్యా."

టేపు తుడిచి కొలతలు తీసుకున్నాను.

ఈ పిల్లకి నేను చెయ్యబోయే చేతులు మా ఆసుపత్రిలోనే మొదటివి. వీపు మీద చిన్న గ్యాస్ సిలిండరు ఉంటుంది. భుజం కదిపితే వాల్వు తెరుచుకుని మోచెయ్యి మడుచుకుంటుంది. నా ఎడమ కాలు మోకాలి కిందనుంచి 1943లో పోయింది. నేను చేసుకున్న కాలి మీదే ఇరవై ఏళ్ళుగా నడుస్తున్నాను. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకి ఎన్ని వందల కాళ్ళూ చేతులూ చేశానో లెక్కలేదు. ఒక్కడు కూడా వద్దనలేదు.

8 ఫిబ్రవరి

టేపు సంగతి చెబితే మా ఆవిడ హెర్టా నవ్వింది. ఇందులో నవ్వడానికేముంది?

13 మార్చి

చేతులు తొడిగాం. అయిదు వారాల పని. మోచెయ్యి ఎంత మెత్తగా మడుచుకుందో, మా పెద్ద డాక్టరు ప్రొఫెసర్ ఓస్టర్‌కాంప్ గారు నా భుజం తట్టారు. "ఆవర్‌బెక్, ఇది గడియారం పనిలా ఉందయ్యా" అన్నారు.

పిల్ల అద్దంలో చూసుకుంది. భుజం కదిపింది. గ్యాస్ ఉస్సుమంది. చివరనున్న కొక్కెం తెరుచుకుని మూసుకుంది.

"ఇవి పీత చేతులు" అంది.

"అలవాటైతే బాగుంటాయమ్మా."

"పీతలకి బాగుంటాయి. మా ఊళ్ళో బోలెడున్నాయి. వాటికిచ్చెయ్యండి."

17 మార్చి

స్నానానికని విప్పి పెట్టిన చేతుల్ని మెట్ల మీదనుంచి కాలితో తోసేసింది. పద్దెనిమిది మెట్లు. ఎడమ వాల్వు వంగిపోయింది. వర్క్‌షాపుకి పిలిపించి అడిగాను.

"ఎందుకు పడేశావు?"

"నేను పడెయ్యలేదు. అదే దూకింది."

"చెయ్యి తనంతట తను దూకుతుందా?"

"దానికి ఇక్కడ నచ్చలేదు."

మొహంలో భయం లేదు. అయిదు వారాలు నా కళ్ళు పోయేలా చేసిన పని. ఇంటికి వచ్చి కూడా కోపం తగ్గలేదు. "ఆరేళ్ళ పిల్ల మీద మీకంత రోషమేమిటండీ" అంటుంది హెర్టా. రోషం కాదు. ఆ పిల్ల మంచికే కదా.

20 మార్చి

ప్రొఫెసర్ గారు పిలిచారు. మే నెలలో మంత్రిత్వ శాఖ నుంచి పెద్దలు వస్తున్నారట. పిల్లల్ని చూపించాలి. వీబ్కె కాళ్ళతో తింటోంది, కాళ్ళతో బొమ్మలేస్తోంది, కాళ్ళతో పక్కపిల్ల జడ కూడా అల్లుతోంది. అవి ఉన్నంతకాలం చేతుల జోలికి రాదు.

"మనిషి కాలితో అన్నం తినడమేమిటయ్యా? రేపు పెద్దయ్యాక నలుగురిలో కూర్చోవాలా వద్దా? ఆ కాళ్ళు ఊరుకునేటట్టు బూట్లు చెయ్యి. గట్టివి, తను విప్పుకోలేనివి. శిక్షణ బూట్లు అందాం."

మాట సబబుగానే ఉంది. నలుగురిలో కూర్చోవాలి కదా.

22 మార్చి

శిక్షణ బూట్లు చేశాను. మంచి దూడతోలు, లోపల మెత్తటి ఉన్ని. ఎక్కడా ఒరుసుకోదు. నా కూతురికి చేసినా ఇంతకంటే బాగా చెయ్యలేను.

24 మార్చి

పళ్ళతో లేసులు విప్పేసింది.

29 మార్చి

లేసులు తీసేసి మడమ వెనక బకిల్ పెట్టాను. గది వేడి చేసే గొట్టం అంచుకి తగిలించి లాగి విప్పేసింది. సిస్టర్ గుడ్రున్ నా ముందే చేతులెత్తేసింది. "మేస్త్రీ గారూ, మీకు చేతకాకపోతే చెప్పండి, కట్టేస్తాను." ఇరవై ఏళ్ళలో నాకు చేతకాదన్న మాట వినడం ఇదే మొదలు.

31 మార్చి

ఇత్తడి మర పెట్టాను, చిన్న తాళం చెవితో తిప్పితేనే వస్తుంది. రెండు చెవులు చేశాను. ఒకటి సిస్టర్ దగ్గర, ఒకటి నా ఏప్రన్ జేబులో.

ఈసారి విప్పలేకపోయింది. పని శుభ్రంగా వచ్చింది.

3 ఏప్రిల్

నిన్న తల్లి వచ్చి వెళ్ళిందట. బూట్లేమిటని అడిగితే మడమల బలానికని చెప్పిందట సిస్టర్. అబద్ధమని అనలేం. గట్టి బూట్లు మడమలకి మంచివే.

పిల్ల చేతులతో చెంచా పట్టుకుంటోంది. అరగంటలో ఆరు ముద్దలు. ప్రొఫెసర్ గారు కాగితం మీద రాసుకున్నారు.

19 ఏప్రిల్, బుధవారం

ఇది ఉన్నదున్నట్టు రాయాలి.

సోమవారం మధ్యాహ్నం కుడి వాల్వు పాడైందని చేతులు రెండూ వర్క్‌షాపుకి పంపారు. ఇవాళ పొద్దున భుజం వెడల్పు మళ్ళీ చూసుకుందామని వార్డుకి వెళ్ళాను. పిల్లలంతా ఆడుకుంటున్నారు. వీబ్కె కిటికీ దగ్గర నిలబడి మొహాన్ని తెరగుడ్డకేసి రుద్దుకుంటోంది. జలుబు చేసింది. ముక్కు కారి పెదవి మీద ఎండిపోయి చర్మం పగిలింది. చేతులు నా బల్ల మీద ఉన్నాయి. కాళ్ళకి బూట్లున్నాయి.

సోమవారం నుంచి బుధవారం దాకా. ముక్కు తుడుచుకోవడానికి ఆ పిల్లకి దేవుడిచ్చినదీ లేదు, నేనిచ్చినదీ లేదు.

సిస్టర్ని అడిగాను. "చేతులు లేనప్పుడైనా బూట్లు తియ్యకూడదా?"

"తియ్యమని ఎవరూ చెప్పలేదు మేస్త్రీ గారూ."

"తిండి?"

"నేను పెడుతున్నాను. పద్నాలుగు మందికి పెట్టాక."

ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు. "రెండు రోజులు కాళ్ళు వదిలితే రెండు నెలల శ్రమ మట్టిపాలవుతుంది. నువ్వు త్వరగా బాగుచెయ్యి, ఆ పిల్ల ఇబ్బంది తీరుతుంది" అన్నారు. అంటే తప్పు నాది. నేను ఆలస్యం చేశాను కాబట్టి పిల్ల ముక్కు తెరకి రుద్దుకుంటోంది. ఎంత తేలిగ్గా నా మీదికి తోసేశాడు.

భోజనం మానేసి కూర్చుని వాల్వు బాగుచేశాను. మూడింటికి చేతులు పంపేశాను.

తాళం చెవి రోజంతా నా జేబులోనే ఉంది.

12 మే

చేతుల్ని ఒంటికి కట్టే తోలు జీను లోపలి ఫెల్ట్ గుడ్డ మార్చాను. ఎడమ భుజం కింద మరక. చెమట కావచ్చు.

18 మే, గురువారం

పెద్దలు వచ్చారు. పదకొండు మంది. హాల్లో బల్ల వేసి తెల్లగుడ్డ పరిచారు. వీబ్కెకి నీలం గౌను, జుట్టుకి రిబ్బను. గిన్నెలో రవ్వ పాయసం, పైన చెర్రీ రసం.

ఒక్క చుక్క ఒలకలేదు. ఉస్సు, చెంచా గిన్నెలోకి. ఉస్సు, చెంచా నోట్లోకి. పిల్ల ఎవరి వంకా చూడలేదు. గిన్నె ఖాళీ చేసింది. తరవాత రుమాలు పట్టుకుని మూతి తుడుచుకుంది. అది మేం నేర్పలేదు, తనే నేర్చుకుంది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను కూడా నిలబడమన్నారు.

నిలబడ్డాను. సంతోషం వెయ్యలేదంటే అబద్ధం.

19 మే

బాగా చేస్తే ఇంటికి పంపిస్తానని పిల్లకి ప్రొఫెసర్ గారే మాటిచ్చారు. ఇది నాకు సిస్టర్ చెప్పింది. అందుకే అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిన్నది. పొద్దున తన బొమ్మని, మేజోళ్ళని సంచిలో వేయించుకుని మంచం మీద కూర్చుందట.

ప్రొఫెసర్ గారు రౌండ్లకి వచ్చి చెప్పిందేమిటంటే, ఇంత చక్కగా నేర్చుకునే పిల్లని ఇప్పుడు పంపడం వృథా, ఇంకో ఆరు నెలలు ఉంచుతామని. చేతకాని పిల్లలు ముగ్గురిని ఇంటికి పంపేస్తున్నారు. బాగా చేసినందుకు ఈ పిల్లకి ఇది బహుమానం.

ఏడవలేదట. సంచి అలాగే పెట్టుకుని కూర్చుందట.

ఆరేళ్ళ పిల్లకిచ్చిన మాట తప్పడానికి ఎంత చదువుకోవాలో.

22 మే

జీను సరిచెయ్యాలని సాకు చెప్పి వార్డుకి వెళ్ళి, చొక్కా తీయించి చూశాను. రెండు చంకల కిందా పుండ్లు. ఎడమపక్కది అరచెయ్యంత. చీము పట్టింది. నేను గాజుగుడ్డ ఆనిస్తే పళ్ళు బిగబట్టింది.

"ఎన్నాళ్ళనుంచి తల్లీ?"

"చెర్రీ పాయసం కంటే ముందే."

"చెప్పలేదేం?"

"నొప్పంటే ఇంటికి పంపరని సిస్టర్ చెప్పింది."

సిస్టర్ని అడిగితే, అలా అనకపోతే పిల్లలందరూ రోజూ నొప్పే అంటారంది. మందు రాస్తోందట. జీను మాత్రం రోజూ ఎనిమిది గంటలు తప్పలేదు.

అది నా జీను. నా కొలత. ఎదిగే పిల్లకి రెండు నెలలకోసారి కొలత మార్చాలి. మార్చలేదు. ఎవరూ అడగలేదు.

4 జూన్, ఆదివారం

సెలవు రోజైనా ఆసుపత్రికి వెళ్ళాను. తల్లి రెండింటి రైలుకి వస్తుందని తెలుసు. వార్డు లోపల మాట్లాడనివ్వరు. సైకిళ్ళ షెడ్డు దగ్గర నిలబడి ఆపాను. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతులు ఉప్పునీటికి ఎర్రగా పగిలి ఉన్నాయి.

"అమ్మా, నా పేరు ఆవర్‌బెక్. మీ పాప చేతులు చేసింది నేనే. పాపని ఇంటికి తీసుకుపొండి. సంతకం మీది, వెనక్కి తీసుకోవచ్చు. చంకల కింద పుండ్లున్నాయి. చొక్కా విప్పి చూడండి. ఆ బూట్లు కూడా మడమలకి కాదు, కాళ్ళు వాడకుండా."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"బూట్లెవరు చేశారు?"

"నేనే."

"తాళం?"

"నేనే."

"మా పిల్ల ఏప్రిల్‌లోనే చెప్పింది, అమ్మా నా కాళ్ళకి తాళం వేశారని. నేను సిస్టర్ని అడిగాను. మడమలకంది. నా బిడ్డ మాట కాదని ఆ తెల్ల టోపీ మాట నమ్మి రైలెక్కాను." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "మీరు రెండు నెలలు ఏం చేస్తున్నారు?"

ఏదో చెప్పబోయాను. నాకూ కాలు లేదని, పెట్టుడు కాలి విలువ నాకు తెలుసని, మంచికే అనుకున్నానని. ప్యాంటు కాస్త పైకెత్తి చూపించాను కూడా. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

"మీది తెగిపోయింది మేస్త్రీ. మీకు అతికించుకోవాలనిపిస్తుంది. మా పిల్లకి ఏం తెగింది? రొట్టెకి వెన్న రాసుకునేది. నా జడ వేసేది. దాని కాళ్ళు దానికి సరిపోయాయి. చాలనిది బడివాళ్ళకి, మీకు." తాళం చెవి ఇమ్మని చెయ్యి చాపింది.

ఇచ్చాను.

నాకు కోపం వచ్చింది. నా ఉద్యోగం పణంగా పెట్టి చెప్పినవాడితో మాట్లాడే పద్ధతా అది? ఇంటికి నడిచి వస్తుంటే దారి పొడుగునా కోపమే. ఎవరి మీదో సరిగ్గా తెలియలేదు.

5 జూన్

తీసుకెళ్ళిపోయింది. నిన్ననే, ఉన్న గౌనుతోనే. బూట్లు మంచం మీద వదిలేసింది. చేతులు కూడా.

16 జూన్

ప్రొఫెసర్ ఓస్టర్‌కాంప్ పిల్లల సంరక్షణ శాఖకి ఉత్తరం రాశాడు. తల్లి వైద్యం మధ్యలో ఆపించిందనీ, ఒంటరి ఆడది, పొద్దంతా ఫ్యాక్టరీలో ఉంటుంది కాబట్టి పెంచే యోగ్యత లేదనీ, పుండ్లు ఇంటికి వెళ్ళాక శుభ్రం లేక పడ్డాయనీ. పిల్లని తల్లి దగ్గర్నుంచి తీసేసి మళ్ళీ ఇక్కడికే పంపాలట.

నన్ను పిలిచి కాగితం ముందు పెట్టాడు. జూన్ నాలుగు దాకా జీను కొలత సరిగ్గా ఉందనీ, ఒంటి మీద ఏ గాయమూ లేదనీ నేను సంతకం పెట్టాలి.

"చదివి రేపు పెడతానండీ" అన్నాను.

ఇంత వయసొచ్చి, ఆయన ఎదురుగా ఆ మాట తప్ప మరేం రాలేదు.

17 జూన్

మే పన్నెండు పేజీ తిరగేశాను. "చెమట కావచ్చు" అని రాసి ఉంది. నా దస్తూరీయే. అది చెమట కాదని ఆ రోజు ఫెల్ట్ చేతిలో పట్టుకోగానే తెలుసు. చెమట పసుపు రంగులో అట్ట కట్టదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరిని మోసం చెయ్యడానికి రాశాను?

19 జూన్

సంతకం పెట్టలేదు.

11 జూలై, మంగళవారం

విచారణకని పిల్లల సంరక్షణ శాఖ ఆఫీసుకి వెళ్ళాను. క్నోప్ అనే ఆవిడ, యాభై దాటి ఉంటాయి, ముందు ఫైలు, పక్కన టైపు కొట్టే అమ్మాయి. ఓస్టర్‌కాంప్ వచ్చి కూర్చున్నాడు. ఆంట్యె టోల్కె గోడ పక్క కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"శిక్షణ బూట్లంటే ఏమిటి, ఆవర్‌బెక్ గారూ? ఫైల్లో ఆరు చోట్ల ఉంది. నాకు అర్థం కాలేదు" అంది ఆవిడ.

ఓస్టర్‌కాంప్ అందుకోబోయాడు. "నేను ఆయన్ని అడిగాను" అందావిడ.

"తాళం బూట్లు. పిల్ల కాళ్ళు వాడకుండా తాళం వేసేవి. మొదట లేసులు పెట్టాను, పళ్ళతో విప్పింది. బకిల్ పెట్టాను, గొట్టానికి తగిలించి విప్పింది. మూడోసారి మర పెట్టాను."

"మీకు రాతపూర్వకంగా ఉత్తర్వు ఉందా?"

"లేదు. నోటిమాట."

"అయితే మీరు సొంతంగా చేశారని ప్రొఫెసర్ గారంటే?"

"అననివ్వండి. చేసింది నేనే. వద్దని అనలేదు. ఏప్రిల్‌లో మూడు రోజులు పిల్లకి చేతులూ లేవు, కాళ్ళూ లేవు. ముక్కు తెరకి తుడుచుకుంది. తాళం చెవి నా జేబులో పెట్టుకుని చూసి వచ్చాను. మే పన్నెండున ఫెల్ట్ మీద చీము చూశాను, కొత్త ఫెల్ట్ వేసి పంపించాను. పుండ్లు మా దగ్గర పడ్డవే."

టైపు కొట్టే అమ్మాయి ఆగిపోయింది. క్నోప్ గారు "కొట్టమ్మా" అంది.

ఓస్టర్‌కాంప్ లేచి, "ఇరవై ఏళ్ళుగా నీకు అన్నం పెట్టిన ఆసుపత్రి" అన్నాడు. అంతే అన్నాడు. పాపం నిజంగానే బాధపడినట్టు అన్నాడు. అదే నాకు అసహ్యమేసింది. ఆ బాధలో ఆ పిల్ల ఎక్కడా లేదు.

ఆంట్యె టోల్కె నా వంక చూడలేదు. చూస్తుందనుకున్నాను.

13 జూలై

బూట్లకి అరికాళ్ళు అతికే పనికి మార్చారు. నేలమాళిగలో.

4 ఆగస్టు

పిల్ల తల్లి దగ్గరే ఉండొచ్చని తేల్చారు. ఆసుపత్రి మీద ఒక్క మాట లేదు. "అభిప్రాయభేదం" అని రాశారు. అరచెయ్యంత పుండుకి అభిప్రాయభేదమని పేరు. ఆ రోజు పెద్దల ముందు తీసిన ఫొటో, చెంచాతో, ఓస్టర్‌కాంప్ వ్యాసంతో పాటు వైద్య పత్రికలో అచ్చయింది. రోజూ ఈ చేతులతోనే తింటోందని కింద రాసి ఉంది.

సంపాదకుడికి ఉత్తరం రాశాను. జవాబు రాదు. ఇంకోటి రాస్తాను.

నన్ను ఈ నెలాఖరుకి వెళ్ళిపొమ్మన్నారు. ఊళ్ళో పెట్టుడు కాళ్ళ దుకాణంవాడు రమ్మంటున్నాడు. అక్కడికొచ్చేది ముసలి సిపాయిలు, తమకేం కావాలో తామే చెప్పేవాళ్ళు.

17 సెప్టెంబరు, ఆదివారం

కుక్స్‌హాఫెన్ వెళ్ళాను. హెర్టా వద్దంది. "ఎవరికోసం వెళ్తున్నారు?" అంది. క్షమాపణ చెప్పాలి కదా అన్నాను.

రేవు వెనక రెండో అంతస్తు. తలుపు తీసింది ఆంట్యె. "రండి, కాఫీ ఉంది" అంది. బడిలో మూడు నెలలు చూసి చెబుతామన్నారట, చివరి బల్లలో కూర్చోబెట్టి. మూడు నెలల్లో ఏం చూస్తారో. మిగతా పిల్లల్ని ఎవరు మూడు నెలలు చూశారు?

వంటింట్లోకి నడిచాం. వీబ్కె బల్ల మీదే కూర్చుని, ఒక కాలితో కాగితం అదిమి పట్టి రెండో కాలితో కత్తెర ఆడిస్తోంది. ఓడ బొమ్మ కత్తిరిస్తోంది. పొగగొట్టం దగ్గర సన్నటి వంపు, నేనైనా అక్కడ చెయ్యి తడబడేవాణ్ణి. నాలుక బయటపెట్టి ఎంత శ్రద్ధగా చేస్తోందో.

తలెత్తి నన్ను చూసింది.

కత్తెర కింద పడింది. రెండు కాళ్ళూ గౌను కిందికి లాక్కుంది. అంచు కూడా కనపడకుండా మోకాళ్ళు ముడుచుకుని, నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది.

"ఈ మావయ్య దానికి రాలేదమ్మా" అంది తల్లి. "కత్తిరించుకో."

పిల్ల కదల్లేదు.

రైల్లో వస్తూ వల్లించుకున్న క్షమాపణ మాటలన్నీ గుర్తున్నాయి. పెట్టుడు కాలి మడమ వంగదు కాబట్టి కింద పడిన కత్తెర తియ్యడానికి కష్టపడ్డాను. తీసి బల్ల మీద, తనకి అందేంత దూరంలో పెట్టాను. కాళ్ళు బయటికి రాలేదు. ఆంట్యె కాఫీ పోసింది, రొట్టె మీద చేపముక్క పెట్టింది, వాతావరణం గురించి ఏదో అంది. నేనూ ఏదో అన్నాను. పిల్ల ముక్కు దురద పెట్టిందేమో, భుజానికేసి రుద్దుకుంది. గౌను కింద కాళ్ళు కాళ్ళలాగే ఉన్నాయి, తాళం లేదు. అయినా భుజానికేసే రుద్దుకుంది.

నేనున్నంతసేపూ అంతే అని అప్పుడర్థమైంది. కాఫీ సగంలో వదిలేసి లేచాను.